బదులు మనిషి

“ఆ సంచి విప్పొద్దు. నేను తిరిగొచ్చేదాంక ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు” అన్నాడు ఈరేష్, బండి తాళం కోసం గూట్లో చెయ్యి పెట్టి వెతుకుతూ.

సంచి గడప పక్కనే ఉంది. దాని మీద హైదరాబాద్ బాస్కెట్‌బాల్ జట్టు పేరు పెద్ద అక్షరాలతో ఉంది. పొద్దున బస్సుకు బయలుదేరాల్సిన అరుణ ఆ సంచి పక్కనే గోడకు ఆనుకొని కూర్చుంది. నిన్న సాయంత్రం జట్టు నుంచి ఫోనులో కబురు వచ్చినప్పటి నుంచి ఆమె అన్నం ముట్టలేదు, ఏడవనూ లేదు. కబురు కూడా పెద్దదేమీ కాదు. మిగిలిన సీజన్‌కు అరుణ స్థానంలో మౌనికను తీసుకున్నామని, నాన్నగారి ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోమని.

ఎమ్మిగనూరు మౌనిక. అరుణ దగ్గర బంతిని నేలకు కొడుతూ తోలడం నేర్చుకున్న పిల్ల.

“యాడికి పోతాండావురా?” మంచం మీద నుంచి రంగన్న అడిగాడు. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి నింపిన బోరెం సంచి జారి కాలి మీద పడినప్పటి నుంచి కొడుకును, కూతురును, ఊరిని అన్నింటినీ ఆయన ఆ మంచం మీద నుంచే చూస్తున్నాడు. కట్టు మోకాలి పైదాకా ఉంది.

“ఎమ్మిగనూరికి. మా చెల్లెలు నాయనకి బాగలేక నాలుగు దినాలు ఇంటికొస్తే, ఆ జాగా మీరెట్ల ఎత్తుకుంటారని మౌనిక వాల్లమ్మని అడుగుతా.”

“కొట్లాటకి పోతే జాగా తిరిగొస్తాదా?”

“ఊరికే కూకుంటే వస్తాదా?”

తండ్రీ కొడుకులు లేచినప్పటి నుంచి ఇదే వాదన. ఇద్దరి గొంతూ పెద్దదే, ఇద్దరి దగ్గరా ఉపాయం లేదు. ఉపాయం లేని రోజునే మన ఇళ్ళలో గొంతులు ఎక్కువ లేస్తాయి.

“నాదే తప్పు” అన్నాడు రంగన్న కాసేపటికి. “ఆసుపత్రిలో బిడ్డ చెయ్యి పట్టుకోని ఏడిస్తి. నన్నిడిసి పోవద్దమ్మా అంటి. అట్ల అనకుంటే మర్సటి దినమే పోయేది.”

“నువ్వు ఆదోనిలో ఏడిస్తే హైదరాబాదులో వాల్లకి ఇనపడ్తాదా నాయనా?” అంది అరుణ. నిన్నటి నుంచి ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే. రంగన్న ఆ మాటకు సంతోషించాలో బాధపడాలో తెలియక తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

పొయ్యి దగ్గర అంజనమ్మ జొన్నరొట్టె తట్టుతోంది. ఈ గొడవంతటిలో ఆమె ఒక్క మాటా అనలేదు. మామూలుగా ఆ ఇంట్లో ఈరేష్ ఒకటంటే ఆమె నాలుగంటుంది. ఇవాళ రొట్టె మాడుతున్నా చూసుకోవడం లేదు.

“అమ్మా, రొట్టె” అంది అరుణ.

అంజనమ్మ ఉలిక్కిపడి రొట్టె తిప్పింది. కూతురి వైపు మాత్రం తిరగలేదు. అది అరుణ గమనించింది కానీ, అమ్మకూ బాధే కదా అనుకుంది.

బాధ కాకుండా ఎలా ఉంటుంది? సీజన్ మొదట్లో జట్టు వరసగా ఓడిపోయింది. అరుణను ఆట మొదటి నుంచీ దింపడం మొదలుపెట్టాకే గెలుపు ముఖం చూసింది. బంతి తెచ్చేది ఆమె, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో చూసేది ఆమె. ఇవాళ సాయంత్రం ఆట గెలిస్తే ఆ జట్టు సెమీఫైనల్‌కు పోతుంది. అరుణకు ఇరవై ఆరేళ్ళు. ఇన్నేళ్ళలో ఇంత ముందుకు పోయిన సీజన్ ఆమెకు ఇదొక్కటే. వచ్చే ఏడు మోకాళ్ళు ఏమంటాయో, జట్టు ఏమంటుందో ఎవరికి తెలుసు?

“నేనూ వస్తా పా” అని లేచింది. “నిన్నొక్కణ్ణే పంపిస్తే నీ నోటికి తాళముండదు.”

అంజనమ్మ అప్పుడు తలెత్తింది. “నువ్వెందుకు బిడ్డా? ఎండ” అంది. ఇంకా ఏదో చెప్పబోయి ఆగిపోయింది. బండి అప్పటికే కదిలింది.

*

తమ ఊరు ఆస్పరి నుంచి బండి ఆదోని చేరింది. ఆదోని దాటి ఎమ్మిగనూరు దారి పట్టాక ఈరేష్ వెనక్కి తిరగకుండానే అన్నాడు. “శ్రీనివాసులు సారే చేసింటాడు. ఆయనకి ఊర్లో పిల్లంటే ఎక్కువ.”

“నాకు బంతిచ్చింది గూడ ఆయనేన్నా.”

అది నిజం. ఏటా పొలం పనులు అయిపోయాక ఈ పల్లెల జనం కట్టగట్టుకొని మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస పోతారు. దాన్ని ఇక్కడ సుగ్గి అంటారు. అమ్మా నాయనా సుగ్గికి పోయినన్నాళ్ళూ అరుణ ఎమ్మిగనూరులో హాస్టల్లో ఉండేది. అక్కడ ఆమె చేతుల పొడవు చూసి ఆటల మాస్టరు శ్రీనివాసులు సార్ ఆటలో పెట్టాడు. కొన్నాళ్ళకు వీధి చివర నేతగాళ్ళ ఇంటి నుంచి మౌనిక వచ్చి చేరింది. అక్కా అక్కా అంటూ వెంట తిరిగిన ఆ పిల్లకు బంతిని చూడకుండా బంతిని తోలడం నేర్పింది అరుణే.

మౌనిక ఇంట్లో మగ్గం ఆగి ఉంది. వాళ్ళమ్మ సరస్వతి రాట్నం ముందు కూర్చొని నూలు చుడుతోంది.

“రా అరుణా. మీ నాయనకి ఎట్లుండాది? లేసి కూకుంటాండాడా?”

“మా నాయన సంగతి తర్వాత” అన్నాడు ఈరేష్, గడప లోపలికి రాకుండానే. “మీ పాప యాడుండాది?”

“రాత్రి బస్సుకే పాయె కదప్పా. మీకు తెల్దా?” సరస్వతి ముఖంలో దాపరికం ఏమీ లేదు. “మీయమ్మ సెప్పలేదా?”

“మాయమ్మ ఏం సెప్తాది?”

సరస్వతి రాట్నం ఆపింది. ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. అప్పుడు అర్థమైంది ఆమెకు, వీళ్ళు కుశలం చెప్పడానికి రాలేదని.

“మా పాప ఇంగ రాదు, మీ పని ఆపుకోవద్దు, బదులు మనిషిని చూసుకోండి అని మీయమ్మే సెప్పిందంట ఆ కోచ్ మేడమ్‌కి. ఆయమ్మ ఫోన్ చేస్తే మౌనిక పోనంటే పోననింది. అక్క జాగాలోకి నేనెట్ల పోతానని ఏడ్చింది. అక్క వాల్లమ్మే సెప్పినాక నీకేమి అని మేడమ్ అంటే, అప్పుడు ఒప్పుకోనింది.”

“అపద్దం” అన్నాడు ఈరేష్.

“నాకెందుకప్పా అపద్దం?” సరస్వతి గొంతు పెంచలేదు. “పోయినేడు జట్టులోకి దీన్ని తీసుకుంటిమి అని సెప్పి, అంతా అయినాక వద్దనిరి. బూట్లు కొనుక్కోని ఉండె. వాటిని అట్లనే ఆ పైన పెట్టి మల్లా ముట్టుకోలే. మగ్గం కాడ కూకోని ఏమీ మాట్లాడకుండా నేస్తాండె. నిన్న దుమ్ము దులిపి అవే ఏసుకోని పాయె.”

ఈరేష్ పొద్దుటి నుంచి దాచుకున్న తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. మంచి నీళ్ళు అడిగి తాగాడు.

అరుణ ఫోను పట్టుకొని వీధిలోకి వచ్చింది. కోచ్ మహేశ్వరి మేడమ్ వెంటనే ఎత్తింది.

“మేడమ్, మా అమ్మ మీతో మాట్లాడిందా?”

“మాట్లాడారు కదా, నువ్వు ఆస్పత్రిలో ఉన్న రోజు. నువ్వెప్పుడొస్తావో కనుక్కుందామని చేశాను, ఫోన్ ఆవిడ ఎత్తారు. ఎంత పద్ధతిగా చెప్పారో తెలుసా? ఇలా ముందే చెప్పేవాళ్ళు నాకింతవరకు తగల్లేదు. తర్వాత నీకు మెసేజ్ కూడా పెట్టాను. నాన్నను చూసుకో, ఇక్కడి సంగతి మేం చూసుకుంటాం అని.”

ఆ మెసేజ్ అరుణకు గుర్తుంది. ఎంత మంచి మనిషో అనుకొని, దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకుంది. ఒక్క ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది. వేయలేదు.

“నాకు తెలీదు మేడమ్. నేను ఈ పొద్దు బయల్దేరాలని సంచి సర్దుకున్నా.”



“అయ్యో అరుణా” అంది మహేశ్వరి మేడమ్. “సరే, విను. సాయంత్రం ఆటకు పేర్లు ఇచ్చేలోపు చెప్తే మార్చొచ్చు. అమ్మ చెప్పింది నీకు తెలీదని నువ్వొక్క మాట అను, చాలు. మౌనికను వెనక్కి పంపించేస్తాను. నువ్వు రాత్రి బస్సెక్కి వచ్చెయ్, తర్వాతి ఆటకు అందుకుంటావు. ఆమె ఒకసారి కోర్టులో దిగిందంటే మాత్రం ఈ సీజన్‌కు ఇక నా చేతుల్లో ఏమీ ఉండదు.”

“వెనక్కి పంపించేస్తారా మేడమ్?”

“ఇద్దరికి చోటు లేదమ్మా. నీకు తెలుసు కదా.”

అరుణ కిటికీలోంచి లోపలికి చూసింది. సరస్వతి మళ్ళీ రాట్నం తిప్పుతోంది. పైన గూట్లో బూట్ల అట్టపెట్టె మూత తీసి ఖాళీగా ఉంది.

“సాయంత్రంలోపు చెప్తా మేడమ్” అంది.

*

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. అంజనమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. కూతురి ముఖం చూడగానే పక్కకు జరిగి దారి ఇచ్చింది.

“ఫోన్లో ఏం మాట్లాడినావమ్మా ఆ మేడమ్‌తో?”

రంగన్న మంచం మీద తల తిప్పాడు. “ఎవురు? ఎవురు మాట్లాడిరి?”

“నువ్వు ఉండు నాయనా.”

అంజనమ్మ స్తంభానికి ఆనుకొని కింద కూర్చుంది. “నీ ఫోను నా కాడ ఉండె. నువ్వు మీ నాయన్ని ఎక్స్‌రేకి తీస్కపోయింటివి. పాప ఎప్పుడొస్తాదమ్మా అని అడిగె ఆయమ్మ. రాదు, బదులు మనిషిని చూసుకోండి అంటి.”

“నన్నొక మాట అడగకుండానా?”

“నువ్వే అంటివి కదా బిడ్డా. మీ నాయన చెయ్యి పట్టుకోని, నేను యాడికీ పోను, నీ కాలు నిలబడేదాంక ఈడనే ఉంటా అంటివి. అందరూ ఇంటాండంగా అంటివి.”

“ఏడ్చే మనిషికి ఇంగేం సెప్పల్లమ్మా? ఓదార్చనీకి అన్న మాటది.”

“ఓదార్పుకి అంటాండావని నాకేం తెలుసు? పోనంటే పోవని అనుకుంటి.”

“అయితే మాత్రం! కూలిపనా అది? మేస్త్రీ అనుకున్నావా ఆయమ్మని?” ఈరేష్ అందుకున్నాడు. “సుగ్గికి పోలేనోల్లు సెప్పి పంపినట్ల సెప్తివే. నీకేం తెలుసని సెప్పినావు?”

“నాకు తెలిసిందే సెప్పినా.”

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఈరేష్ ఇంకో మాట అనేవాడే. చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం కాదు అంజనమ్మ. కాలిన చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చునే రకం.

“హనుమక్క లేదా, మన ఎనక వీధి హనుమక్క” అంది నేలను చూస్తూ. “నువ్వు కడుపులో ఉన్న ఏడు ఆయమ్మా నేనూ జోడు. పక్క పక్క సాల్లు కోస్తాంటిమి. ఆయమ్మ గూడ కడుపుతోనే ఉండె. ఒకనాడు నాకు జరమొచ్చి గుడిసెలో పండుకున్నా. రాలేనని సెప్పి పంపల్ల. పంపలే. ఇంగ రొంతసేపటికి లేసి పోతా, ఇంగ రొంతసేపటికి పోతా అనుకుంటా పండుకున్నా. నేనొస్తానని మేస్త్రీ బదులు మనిషిని పెట్టలే. నా సాలు గూడ హనుమక్కే కోసె, ఆ ఎండలో. సాయంత్రం సాల్లోనే పడిపాయె.”

“ఇప్పుడెందుకే అది” అన్నాడు రంగన్న.

“ఆయమ్మ కడుపు నిలవలే. నాకు నువ్వు పుడితివి. ఈ పొద్దుటి వరకూ ఆయమ్మ నన్నొక మాట అనలే, నాతో మల్లా జోడు గూడ కట్టలే.” అంజనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “రాలేనోల్లు ముందర సెప్పకుంటే ఇంగొకరి నడుము ఇరుగుతాది. నీది గూడ జట్టే కదా. నీ కోసరం చూసి చూసి ఎవురో ఒక పిల్ల రెండు పనులు చేస్తాంటాదేమో అనిపించె. నిన్న నువ్వు సంచి సర్దుతాంటే చూసి, నేనేం చేసినానో అప్పుడు తెలిసె. సెప్పనీకి నోరు రాలే.”

అరుణకు కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తిట్టడానికి వీలైన తప్పు చేసి ఉంటే బాగుండేది. అమ్మ చేసింది తప్పు కూడా కాదు, దాని వల్ల తన సీజన్ మాత్రం పోయింది. పోయిందని తెలిసి గుండె మండుతోంది. ఆ రోజు ఆస్పత్రిలో నాన్నతో ఆ మాట అనకుండా చెయ్యి పట్టుకొని ఊరుకున్నా సరిపోయేదే అని ఇప్పుడు అనిపిస్తోంది.

మేడమ్ అన్నది అరుణ అందరికీ చెప్పింది. సాయంత్రంలోపు ఒక్క మాట చాలునని, తర్వాత లేదని.

“ఇంగేం ఆలోచన? సెప్పెయ్” అన్నాడు ఈరేష్. సంచి తీసి భుజానికి తగిలించుకున్నాడు కూడా. “నేను బస్టాండు దాంక తీస్కపోతా.”

“ఆ పిల్లో?” అన్నాడు రంగన్న.

ఈరేష్ సంచి భుజం మీదే ఉంచుకొని నిలబడ్డాడు. సరస్వతి ఇంట్లో తాగిన నీళ్ళు గుర్తొచ్చాయేమో, తండ్రికి ఎదురు చెప్పలేదు.

 పక్కింట్లో ఎవరో పశువులకు నీళ్ళు పెడుతున్నారు. రంగన్న కట్టు అంచు దగ్గర గోక్కుంటున్నాడు. సాయంత్రం ఎండ సంచి పట్టీ మీదకు, అక్కడి నుంచి ఈరేష్ చెవి మీదకు పాకింది.

“అమ్మా” అంది అరుణ. “ఒకటి అడుగుతా. మీ సుగ్గిలో, బదులు మనిషి బండెక్కినాక ముందటి మనిషి వచ్చి, నాకు బాగైంది, నేనే వస్తా అంటాదనుకో. ఏం చేస్తారు?”

ఆ చుట్టుపక్కల పల్లెల్లో సుగ్గికి పోయే వాళ్ళందరికీ దీని జవాబు తెలుసు. బండెక్కిన బదులు మనిషిని దింపరు. ఇంట్లో పొయ్యి ఆర్పి, పిల్లల్ని ఎవరికో అప్పగించి, మూట కట్టుకొని వచ్చిన మనిషిని దింపితే ఆ ఏడు ఆ జట్టుతో ఎవరూ కలవరు. ముందటి మనిషి ఎంతటిదైనా ఆ సుగ్గికి ఇంటి దగ్గర ఉండాల్సిందే. మేస్త్రీ తోబుట్టువైనా అంతే. హాస్టల్లో పెరిగిన అరుణకు ఈ సంగతి ఒంటికి పట్టి ఉండదు, అమ్మ నోట వినాలని అడిగింది.

అంజనమ్మ కూతురి వైపు చూసింది. పొద్దుటి నుంచి ఆమె నేరుగా చూడటం అదే మొదటిసారి. చిక్కిన ముఖం, నిద్రలేని కళ్ళు, ఒళ్ళో ఫోను. ఈ పిల్ల కోసం ఆమె ఎన్ని చేలు కోసిందో ఆ చేలకే తెలుసు. పని విషయంలో ఒక్కనాడు అబద్ధం ఆడి ఎరగదు.

“దింపుతారు” అంది.

ఈరేష్ తల తిప్పి తల్లిని చూశాడు. చిన్నప్పుడు సెలవుల్లో సుగ్గి బండెక్కిన వాడు అతను. “అదేం మాట...” అనబోయాడు. రంగన్న మంచం మీద నుంచి చెయ్యి చాపి కొడుకు మణికట్టు పట్టుకున్నాడు. ఈరేష్ ఆగిపోయాడు.

“దింపుతారమ్మా” అంది అంజనమ్మ మళ్ళీ. ఈసారి కాస్త గట్టిగా, ఎవరో కాదన్నట్టు. “ముందటి మనిషిదే జాగా. యాడైనా అంతే.”

అరుణ అన్న మణికట్టు మీది నాన్న చేతిని చూసింది. అన్న ముఖం చూసింది. తర్వాత అమ్మను చూసింది. అంజనమ్మ అప్పటికే లేచి పొయ్యి దగ్గరకు పోయింది. పొయ్యిలో నిప్పు లేదు. అయినా పుల్లలు ఎగదోస్తోంది.

ఒళ్ళో ఫోను మోగింది. మహేశ్వరి మేడమ్.

అరుణ లేచి వాకిట్లోకి పోలేదు. అక్కడే, అందరి మధ్యా ఎత్తింది.

“టైమ్ అయిపోతోంది అరుణా. పేర్లు ఇవ్వాలి” అంది మేడమ్. ఆమె వెనక ఎక్కడో బంతి నేలకు తగులుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరో ఒక్కరే తోలుతున్నారు. ఎడమ చేత్తో రెండుసార్లు, కుడి చేత్తో ఒకసారి. ఆ వరస ఎవరు నేర్పిందో అరుణకు తెలుసు. “చెప్పు. అమ్మ చెప్పింది నీకు తెలిసి చెప్పిందా, తెలీకుండా చెప్పిందా?”

పొయ్యి దగ్గర అంజనమ్మ చెయ్యి ఆగింది.

“మేడమ్” అంది అరుణ. “మాయమ్మ పని కాడ ఎప్పుడూ అపద్దం సెప్పలేదు మేడమ్. బండెక్కిన బదులు మనిషిని దింపొద్దు.”

అంజనమ్మ పొయ్యి వైపే తిరిగి కొంగు ముఖానికి అదుముకుంది. ఫోన్లో మేడమ్ అడుగుతూనే ఉంది. “అంటే ఏమిటమ్మా? అరుణా, అంటే ఏమిటి?”